ఆవం దగ్గర మోగిన బిగిల్

రాతి మీద చెక్కిన మా అన్న పేరును ఉలితో కొట్టి చెరిపేశారు.

ముందు ఈ మాట రాసి పెడుతున్నాను. మిగతాది తర్వాత. ఎందుకంటే దయ్యం సంగతి చెవిన పడితే జనం దాన్నే పట్టుకుంటారు, జరిగిన అన్యాయం మూలకు పోతుంది. ఆ రాత్రి పుట్టిన భయం నాకు ఎప్పుడో పోయింది. ఆ ఉలి మీద కోపం మాత్రం పోలేదు. పోదు.

ఇక ఆ రాత్రి... అది నా చెవులతో నేను విన్నది. ఎవరో చెప్పగా విన్నది కాదు. నేను కల్లు ముట్టను. ఆ రాత్రీ ముట్టలేదు. ఒంట్లో జ్వరం లేదు. కునికిపాటు లేదు. మందమర్రి గనిలో, గని దిగేవాళ్ళకు దీపాలిచ్చే దీపాల గదిలో ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టు చేసినవాణ్ణి, చీకటి నాకు కొత్తా? అయినా నమ్మకం కుదరకపోతే మా ఊరికి రండి. చొప్పదండి దాటి కాస్త దూరం. బడి ముందర ఒక రాయి ఉంటుంది. కళ్ళు మూసుకొని చేత్తో తడమండి. అట్టడుగున ఒకచోట రాయి పళ్ళెంలా లోపలికి పోయి తగులుతుంది. ఆ గుంటలో అక్షరాలు తగులుతాయి. చెరిపిన చోటే మళ్ళీ చెక్కిన పేరు అది. ఊరికే ఎవరూ మళ్ళీ చెక్కలేదు.

అన్న పేరు పెంటయ్య. నాకంటే చాలా పెద్ద. అతనికి ముందు మా అవ్వకు, అంటే అమ్మ ఎల్లవ్వకు, పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. అందుకని అన్న పుట్టగానే మా వైపు చేసే తంతు చేశారు. బిడ్డను చేటలో పడుకోబెట్టి పెంటకుప్ప మీద పెట్టారు. మాకు అక్కర్లేదన్నట్టు అవ్వ మొహం తిప్పుకుంది. కుమ్మరి లచ్చవ్వ వచ్చి దోసెడు తవుడు పోసి, బిడ్డను కొనుక్కొని, కొంగులో చుట్టుకుపోయింది. ఈ పిల్లవాడు ఎల్లవ్వ కొడుకు కాదు, లచ్చవ్వ కొడుకు, వీణ్ణి వెతుక్కుంటూ ఈ ఇంటికి రావద్దు... అని యముడికి చెప్పడమన్నమాట. పాలు అవ్వే ఇచ్చింది. పెరగడం రెండిళ్ళలో పెరిగాడు. పెళ్ళి నాడు, పసుపు పూయకముందు, తల్లి మళ్ళీ తవుడు పోసి కొడుకును వెనక్కి కొనుక్కోవాలి. అది ఆచారం. నాకిదంతా అన్న పేరు వెనకున్న ముచ్చటగానే తెలుసు. పండగలకు నవ్వుకొనే ముచ్చట.

యుద్ధం వచ్చింది. జర్మనీవాడితో, జపానువాడితో జరిగిన పెద్ద యుద్ధం. ఎద్దులకు పగ్గాలు తెమ్మని మా నాన్న, బాపు, అన్నను సంతకు పంపాడు. పగ్గాలు వచ్చాయి. అన్న రాలేదు. పగ్గాలు తెచ్చిన పక్క ఊరి మనిషి చెప్పాడు, "మీ పెంటడు కాజీపేటల పటాలంల చేరి రైలెక్కిండు" అని. పట్టాల మీద రైలును చూడటం అన్నకు అదే మొదటిసారి. చూసినవాడు ఎక్కకుండా ఉండలేకపోయాడు. అదీ అన్న.

యుద్ధం అయిపోయాక వచ్చాడు. ఖాకీ బట్టలు, రేకు మగ్గు, ఒక కాగితం, ఒంటినిండా నవ్వు. బర్మా వైపు అడవుల్లో రోడ్లు వేసే పటాలమట. అందులో బిగిల్ ఊదేవాడట. బిగిల్ సర్కారుది కాబట్టి తిరిగి ఇచ్చేశాడు. అయితే ఏం? లచ్చవ్వ ఇంట్లో పగిలిన కుండలకు కొదవా? ఒక కుండ మూతి ఏరుకున్నాడు. ఆ మట్టి మూతికి పెదవులు ఆనించి, రాత్రి బువ్వలయ్యాక, కుండలు కాల్చే ఆవం పక్కన నిలబడి ఊదేవాడు. సిపాయిలను పడుకోమని చెప్పే చివరి బిగిల్ అది. పైకి లేచి... మెల్లగా దిగి... ఆగిపోతుంది. ఆగిపోవాలి. అన్న మాత్రం చివర రెండు చిన్న కూతలు కలిపేవాడు. కూ... కూ. "గవెందుకే అన్నా?" అంటే నవ్వేవాడు. చెప్పేవాడు కాదు.

ఊరంతా ఆ కూతతోనే పడుకునేది. పగలు పిల్లలకు కవాతు నేర్పేవాడు. మా ఎడ్లు కూడా ఎడమకాలే ముందు వేస్తున్నాయని జనం నవ్వేవాళ్ళు. నేనూ ఆ కవాతులో ఉన్నవాణ్ణే. చేతులు కాళ్ళు వాటంతట అవే లేచేలా నేర్పాడు.

తర్వాత పోలీసు చర్య రోజులు. ఇవాళ రజాకార్లు వస్తున్నారనేవారు, రేపు యూనియన్ సైన్యం వస్తోందనేవారు. ఎవరొచ్చినా సరే, ఇంట్లో ఖాకీ కనబడితే మగవాణ్ణి పట్టుకుపోతారని అవ్వకు వణుకు. ఒక సాయంత్రం అన్న బట్టలన్నీ పొయ్యిలో పెట్టింది. వాటి మడతలో ఆ కాగితం కూడా ఉంది. అన్న పొలం నుంచి వచ్చేసరికి బూడిద. అవ్వ తల బాదుకుంది. అన్న నవ్వాడు.

"పోనియ్యే అవ్వా! గా కాయితానికి ఎందుకు పరేషాన్ అయితవు? అడిగినోళ్ళకు చెప్పనీకి నేనున్న గదా!"

రెండేళ్ళు తిరగకుండానే విషజ్వరంతో పోయాడు. పెళ్ళి కాలేదు. ధర్మపురి గోదావరిలో బూడిద కలిపి వచ్చాం. మనిషీ లేడు, కాగితమూ లేదు.

చైనాతో యుద్ధం జరిగిన తర్వాత ఊళ్ళో ఊపు వచ్చింది. ఊరి నుంచి ఏనాడైనా పటాలానికి పోయినవాళ్ళ పేర్లన్నీ బడి ముందర రాతి మీద చెక్కిద్దామన్నారు. చెక్కారు. చివరి పేరు పెంటయ్య. అవ్వకు చదువు రాదు. అయినా ఆ గీతల మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసేది. నెల తిరగలేదు. ఎవడో సర్పంచ్ చెవిలో వేశాడు, అందరికీ కాగితాలున్నాయి, పెంటయ్యకేదీ అని. సర్పంచ్ పటాలం వాళ్ళ కచేరికి, అంటే ఆఫీసుకు, రాశాడు. అలాంటి సిపాయి ఎవరూ లేరని జవాబు వచ్చింది. మరునాడు ఉలి. ఠంగ్... ఠంగ్... నేను మందమర్రిలో ఉన్నాను. అవ్వ అక్కడే నిలబడి ఉందట. రాతిపొడి ఆమె పాదాల మీద పడిందట.

ఆ రోజు నుంచి అవ్వ బడి దారిన నడవలేదు. బజారుకు పోవాలన్నా పొలాల గట్ల మీద చుట్టు తిరిగి పోయేది. "నా బిడ్డ పేరు నేనే కాలవెట్టుకున్న" అనేది. అంతే.

నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. దీపాల మీది అంకెలు, గోడ మీది హెచ్చరికలు కూడబలుక్కొని చదువు నేర్చుకున్నాను. తెలుగు, ఉర్దూ, ఆ తర్వాత ఇంగ్లీషు. పక్కన నిఘంటువు పెట్టుకొని అర్జీ నేనే రాశాను. పెంటయ్య, తండ్రి మల్లయ్య, ఫలానా ఊరు, యుద్ధకాలంలో పనిచేశాడు, వివరాలు తెలుపగలరు. ఆ పేరుతో, ఆ తండ్రి పేరుతో ఎవరూ లేరని జవాబు. ఇంకో కచేరికి రాశాను. అదే జవాబు. మరో చోటికి రాశాను. అదే. చచ్చినవాణ్ణి లేడంటే ఒప్పుకుంటాను. పుట్టనేలేదన్నట్టు రాస్తే ఎట్లా? బర్మా వానలో నానినవాణ్ణి, మా ఊరు మొత్తాన్ని జోకొట్టినవాణ్ణి, బల్ల ముందు కూర్చున్నవాడు ఒక్క గీతతో కొట్టేస్తాడా?

సర్పంచ్ కనబడితే నవ్వేవాడు. "ఏం రాజేశం, మీ అన్న బర్మా పోయిండా, బాల్కొండ పోయిండా?"

మళ్ళీ అదే జవాబు జేబులో పెట్టుకొని, దసరా దాటాక సెలవు మీద ఊరికొచ్చాను. గడపలోనే అవ్వ అడిగింది.

"ఏమన్నరు బిడ్డా?"

"ఇంకా చూస్తున్నరట అవ్వా."

"నీకు అబద్ధం చెప్పుడు చిన్నప్పటి సంది రాదురా. కాళ్ళు కడుక్కో, బువ్వ తిను."

తిన్నాను. లేచి కుమ్మరోళ్ళ వైపు నడిచాను.

దీపావళి నోములకు గురుగులు, ఆ చిన్న మట్టి కుండలు, కావాలి గదా. ఆ రాత్రి లచ్చవ్వ ఇంట్లో ఆవం పెట్టారు. గురుగులు, ప్రమిదలు పేర్చి, గడ్డి, పిడకలు కప్పి, పైన మట్టి మెత్తి, నిప్పంటించారు. ఆవం కాలే రాత్రి దాని పక్కన మనుషులు మేలుకొని ఉండాలి. లచ్చవ్వ, ఆమె పెనిమిటి కొమురయ్య ఇద్దరూ గోనె పరుచుకొని కూర్చున్నారు. ఇద్దరూ ముసలివాళ్ళే. కొమురయ్యను మేం పెద్దబాపు అని పిలిచేవాళ్ళం. ఆయన చెవులు పోయి చాలా ఏళ్ళయింది. పక్కన పిడుగు పడ్డా తిరిగి చూడడు.

నన్ను చూడగానే లచ్చవ్వ అందుకుంది. "ఏం రా రాజిగా, మొకమేంది గట్ల మాడిన కుండ తీర్గ వెట్టినవ్?"

"సర్కారోళ్ళు మల్ల లేడనే రాసిన్రు లచ్చవ్వా."

"లేనోడు నా ఇంట్ల గన్ని కుండలు ఎట్ల పలగ్గొట్టిండట? గది రాయి వాళ్ళకు. పైసలు కట్టుమను."

నాకు నవ్వు ఆగలేదు. ఆ ఇంటికి పోతే అంతే. పెద్దబాపు నా వైపు కల్లు ముంత జరిపాడు. వద్దన్నాను.

"అవునే, ఆయనకేం ఇనవడుతలేదా ఇప్పుడు?" అన్నాను.

"ఉరిమినా ఇనవడది. కల్లు ముంత సప్పుడు మాత్రం ఇనవడుతది. గదేం రోగమో దేవునికే తెల్వాలె." ఆమె ఆయన భుజం తట్టి గట్టిగా అరిచింది, "గడ్డి సరిపోతదా?" ఆయన తల ఊపాడు. "తిన్న, తిన్న. నువ్వు తిను."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆయనా నవ్వాడు, దేనికో తెలియకపోయినా.

మంట ఎగసి తగ్గింది. నిప్పు లోపలికి పోయింది. చిట్... చిట్... అని గడ్డి లోపల చిట్లుతున్న చప్పుడు. మట్టి కాలే వాసన. వాన తొలి చినుకు వాసనకు అన్నలాంటి వాసన అది. గాలి లేదు. ఇది గుర్తు పెట్టుకోండి. ఆకు కదలడం లేదు. పొగ నిట్టనిలువుగా, దారం వేలాడదీసినట్టు, పైకి పోతోంది.

అప్పుడు...

ముందు గాడిదలు. మట్టి మోసే గాడిదలు అవతల కట్టేసి ఉన్నాయి. అవి గడ్డి నములుతూ తలలూపుతూ ఉన్నవి... ఆగిపోయాయి. వాటి చెవులన్నీ ఒక్కసారి ఒక్క వైపుకు తిరిగాయి. ఆవం వెనక వైపుకు. అక్కడేం లేదు. చీకటి.

తర్వాత కుక్క. లచ్చవ్వ ఇంటి కుక్క మోతి. అన్న పోయిన ఎన్నో ఏళ్ళకు పుట్టిన కుక్క అది, అన్నను ఎరగదు. కొత్తవాళ్ళను చూస్తే పిక్క పట్టే రకం. అది లేచింది. మొరగలేదు. గుర్రుమనలేదు. తోక ఊపింది. ముందు మెల్లగా... తర్వాత నడుమంతా ఊగిపోయేలా. చీకటి వైపు చూసి తోక ఊపుతోంది. వెల్లకిలా పడి పొట్ట చూపించింది.



పెద్దబాపు చెయ్యి ఎత్తాడు.

"ష్... జర ఊకోండి."

"ఏమైందే?" అంది లచ్చవ్వ.

ఆయన కళ్ళు మూసుకొని ఉన్నాడు. మొహంలో నవ్వు. చెవులు పోయిన మనిషి... తల ఒక పక్కకు వంచి అన్నాడు.

"బిగిల్ మోగుతుంది గదా."

లచ్చవ్వ నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూశాను. మాకేం వినబడలేదు. ఆవం చిటపట మాత్రమే. ఎన్నాళ్ళుగానో నిశ్శబ్దంలో ఉన్న మనిషికి ఏదో భ్రమ అనుకున్నాను. అనుకోవడం ఇంకా అయిపోనే లేదు...

పూ...

సన్నగా. ఎక్కడో దూరంగా.

పూ... ఊ... ఊఊఊ...

ఇత్తడి శబ్దం కాదది. మందంగా, గరగరమంటూ, మట్టి గొంతుతో. కుండ మూతిలోంచి ఊపిరి పోతున్న చప్పుడు. ఎటు నుంచి అంటే చెప్పలేను. వెనక నుంచి అనుకొని తిరిగితే ముందు నుంచి. ముందుకు తిరిగితే... ఆవం లోపలి నుంచి. పైకి లేచింది. నిలిచింది. అక్కడ... ఊపిరి తీసుకున్న చప్పుడు. అవును, ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా విన్నాను. మెల్లగా దిగింది. దిగి... దిగి... ఆగింది.

అయిపోయింది అనుకున్నాను. అయిపోవాలని మొక్కుకున్నాను.

కూ... కూ.

నా కాళ్ళు వాటంతట అవే దగ్గరికొచ్చాయి. మడమలు ఠక్కున తగిలాయి. కుడి చెయ్యి నుదుటికి లేచింది. పరుగెత్తి పారిపోవాల్సినవాణ్ణి, సెల్యూట్ కొట్టి నిలబడ్డాను! ఎవరికి? పొగకా? మోతి లేచి నడక మొదలుపెట్టింది. ఎవరి పక్కనో నడుస్తున్నట్టు, మధ్య మధ్య తలెత్తి పైకి చూస్తూ, తోక ఊపుతూ ఆవం చుట్టూ తిరిగి వచ్చింది. గోనె మీద లచ్చవ్వ పక్కన ఖాళీ ఉంది. ఆ ఖాళీ ముందర పడుకొని, మూతి కాళ్ళ మీద పెట్టుకుంది.

లచ్చవ్వ భయపడలేదు. అది నాకు ఇప్పటికీ విచిత్రమే. కళ్ళలో నీళ్ళు, నోట్లో నవ్వు. గోనె మీద మడత సవరించి, ఆ ఖాళీ వైపు తిరిగి పిలిచింది. చిన్నప్పుడు పొద్దుగూకాక పిల్లలను ఇంటికి పిలిచినట్టు, గొంతు సాగదీసి...

"ఓ కొమురయ్య కొడకా! వచ్చినవా బిడ్డా? కూసో... జర సేపు కూసో..."

ఆవంలో ఒకసారి చిట్ మంది. గాడిదలు చెవులు దించి మళ్ళీ తలలూపడం మొదలుపెట్టాయి.

ఎంతసేపు అలా నిలబడ్డానో. చెయ్యి దించి లచ్చవ్వ వైపు తిరిగాను.

"లచ్చవ్వా... ఇప్పుడు ఏమని పిలిచినవ్?"

"ఏమని పిలుస్తరు? కొమురయ్య కొడకా అన్న."

"అన్న మల్లయ్య కొడుకు గదా."

"గది మీ ఇంట్ల." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేను కొనుక్కున్న పోరడు వాడు. తెల్వనోడు ఎవడడిగినా కొమురయ్య కొడుకునని చెప్పాలె అని మాటలొచ్చినప్పటి సంది నేర్పిన. అసలు బాపు పేరు చెప్తే ఆయుష్షుకు మంచిది కాదు."

"చిన్నప్పుడు గదా లచ్చవ్వా. పెద్దగైనంక కూడా?"

"పెద్దగైతే మారుతదా? పెండ్లి అయిందా వానికి? మీ అవ్వ తవుడు పోసి కొనుక్కున్నదా? కొనుక్కునే దాకా నా కొడుకే. ఇయ్యాల్టికి కూడా నా కొడుకే."

జేబులోంచి సర్కారు జవాబు తీశాను. అందులో తండ్రి మల్లయ్య అనే ఉంది.

"మరి... పటాలంల చేరినప్పుడు, ఎవని కొడుకువురా అని అడిగితే?"

లచ్చవ్వ నన్ను చూసి పకపకా నవ్వింది. "ఓరి పిచ్చోడా! సచ్చే కాడికి పోయేటోడు అసలు ఇంటి జాడ చెప్తడారా?"

అన్ని భాషలు నేర్చుకున్నాను. నిఘంటువు కొన్నాను. కచేరీలన్నిటినీ తిట్టాను. ఆ తిట్లు ఇప్పటికీ వెనక్కి తీసుకోను, ఇంకొక్క మాట అడిగి చూసి ఉండొచ్చు వాళ్ళు. కానీ యముడికి దొరక్కుండా అవ్వ, లచ్చవ్వ కలిసి దాచిన మనిషి సర్కారుకు మాత్రం ఎలా దొరుకుతాడు?

తెల్లవారి ఆవం విప్పారు. ఒక్క గురిగి పగల్లేదు. ఎర్రగా, తడితే ఠంగుమనేలా కాలాయి. అలాంటి ఆవం తన జన్మలో చూడలేదని పెద్దబాపు మురిసిపోయాడు. ఆయన చెవిలో నోరు పెట్టి అడిగాను, రాత్రి బిగిల్ విన్నావా అని. "ఆ?" అన్నాడు. మళ్ళీ అరిచాను. "ఆ?" అన్నాడు. మళ్ళీ మామూలే.

అన్న ఊదిన కుండ మూతి లచ్చవ్వ ఇంటి చూరు కింద మేకుకు వేలాడుతూ ఉండేది. అన్న పోయాక ఎవరూ దించలేదు. నేను దించాను. లోపలంతా దుమ్ము. పెదవి ఆనించే అంచు మాత్రం తడిగా ఉంది. మంచు పడి ఉంటుంది. చూరు కిందికి మంచు రాదు... వస్తుందేమో.

ఇంటికి పోయేసరికి అవ్వ అప్పుడే లేచి కూర్చుంది. ఎండ గడపలోకొచ్చింది. అవ్వ అంతసేపు పడుకోవడం నేనెరగను.

"రాత్రి మంచిగ నిద్రవట్టిందిరా. ఎందుకో మరి" అంది.

"ఏమన్న ఇన్నవా అవ్వా?"

"ఏం ఇనాలె?"

చెప్పలేదు నేను. కొమురయ్య కొడుకు సంగతి మాత్రం చెప్పాను. తండ్రి పేరు మార్చి కొత్త అర్జీ రాస్తానన్నాను. బాపు అప్పటికి లేడు. అవ్వ వేలితో నేల మీద అటూ ఇటూ రాసింది.

"రాయి. వాడు బతకాల్నని నేనే ఇచ్చిన గదా. రాయి." తర్వాత గోడకు చెప్పినట్టు అడిగింది. "అయితే... నా పేరు ఏడ కూడా చెప్పకపాయెనా వాడు?"

నేను కాగితం, కలం తీసుకున్నాను.

అర్జీ పోయింది. దీపావళి పోయింది. కాముని పున్నమి పోయింది. ఎండాకాలంలో ఒక రోజు దీపాల గదికి జవాబు వచ్చింది. నిలబడి చదివాను. నా నవ్వుకు, షిఫ్టు దిగి దీపాలు అప్పగిస్తున్నవాళ్ళంతా గుమిగూడారు. "ఏం రాజేశం, కొడుకు పుట్టిండా?" అన్నాడొకడు. "కాదు, అన్న పుట్టిండు" అన్నాను.

అవ్వను, లచ్చవ్వను ఒకే గోనె మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఇంగ్లీషును తెలుగు చేసుకుంటూ, మెల్లగా. అయ్యాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వు.

సర్పంచ్‌కు చూపించాను. తిప్పి తిప్పి చూశాడు. పక్కన ఖాళీగా ఉంది, అక్కడ చెక్కిద్దామన్నాడు. కుదరదన్నాను. ఎక్కడ చెరిపారో అక్కడే చెక్కాలి, ఆ గుంటలోనే. రాయి ఉన్నన్నాళ్ళూ రెండూ కనబడాలి. గుంటలో చెక్కడం కష్టమని ఉలి పట్టినవాడు గొణిగాడు. చెరిపేటప్పుడు కష్టం కాలేదా అన్నాను.

ఠంగ్... ఠంగ్...

ఆ రోజు అవ్వ బడి దారినే నడిచి వచ్చింది. చేతిలో చేట. చేటలో తవుడు. జనమంతా చూస్తుండగా ఆ రాయి ముందర లచ్చవ్వ ఒడిలో తవుడు పోసింది. పెళ్ళి లేకపోయినా, మనిషి లేకపోయినా, కొడుకును కొనుక్కుంది.

లచ్చవ్వ ఒడిలోకి చూసి మొహం చిట్లించింది. "గింతేనానే అక్కా? నీకేమన్న సిగ్గున్నదా? నేను కొన్ననాడు వాడు పసిపోరడు. ఇప్పుడు సిపాయి. రేటు పెరిగింది!"

"ముసలిదానా, నా కొడుకును నాకిస్తవా ఇయ్యవా?"

"సగం ఇస్త, పో."

పిల్లలు ఈలలు వేశారు. ఇద్దరు ముసలమ్మలూ రాయిని పట్టుకొని నవ్వారు. ఆవం విషయం అవ్వకు ఆనాడే చెప్పాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

మరి ఆ రాత్రి మోగిందేమిటి? ఖాళీ కుండల మూతుల మీద గాలి వీస్తే అలా కూత వస్తుందని కరీంనగర్‌లో ఒక మాస్టారు నాకు నచ్చజెప్పాడు. సరే. మరి పొగ నిట్టనిలువుగా ఎందుకు పోయింది? వినబడని చెవికి ముందెలా వినబడింది? గాలికి ఆ రెండు కూతలు ఎవరు నేర్పారు? మోతి ఎవరి పక్కన నడిచింది? ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. నాకు తెలియదు. రాత్రిపూట ఆవం కాలుతున్న వాసన వస్తే ఇప్పటికీ మడమలు దగ్గరికి వస్తాయి.

ఆ జవాబు నా దగ్గర భద్రంగా ఉంది. దాని చివర వాళ్ళే నన్నొక ప్రశ్న అడిగారు. నేనింతవరకూ దానికి జవాబు రాయలేదు. ఉన్నది ఉన్నట్టు తెలుగు చేసి ఇక్కడ పెడుతున్నాను:

"మీ అర్జీ అందినది. పెంటయ్య, తండ్రి కొమురయ్య, అను సిపాయి పేరు మా దఫ్తరులో దొరికినది. ఇతడు యుద్ధకాలమున రోడ్లు వేయు పటాలములో బిగిల్ ఊదువాడుగా బర్మా సరిహద్దున పనిచేసి, మంచి నడవడితో విడుదల పొందినాడు. రాత్రి చివరి బిగిల్‌కు నియమములో లేని రెండు కూతలు చేర్చుచున్నందుకు పలుమార్లు మందలింపబడినాడు. మానలేదు. మీ సందేహము తీరినదని తలచుచున్నాము. అయితే మాకొక సందేహము కలదు. దగ్గరి బంధువుల గడిలో తల్లి పేరు ఒక్కటే ఉండవలెను. ఇతడు ఎల్లవ్వ, లచ్చవ్వ అని ఇద్దరి పేర్లు వ్రాయించినాడు. వీరిలో ఇతని తల్లి ఎవరో దయచేసి తెలుపగలరు."